గిన్నెలో ఆమె వైపు

జూలై దాటింది. గాంబియా నదిలో ఉప్పు తగ్గింది.
కుంబానీలో వడ్ల కొట్ల అడుగు కనిపిస్తోంది,
చీపురు తగిలితే మట్టి మోగుతోంది.
ఈ నెలల్ని ఇక్కడ ఆకలికాలం అంటారు
తిట్టులా కాదు,
వారం పేరు చెప్పినంత మామూలుగా.

నా పని తూకం.
సంచిలో బ్యాటరీ త్రాసు, గళ్ళ పుస్తకం, రెండు పెన్సిళ్ళు.
వండకముందు తూచాలి, వండాక తూచాలి,
మిగిలింది తూచాలి. మిగలదు.
అయినా ఆ గడిలో సున్నా చుట్టాలి.
ఆడవాళ్ళు నన్ను గ్రాముల బూబా అంటారు.
నేను మలుపు తిరిగాక ఇంకేదో కూడా అంటారు,
నవ్వు మాత్రం వినిపిస్తుంది.

శిక్షణలో డాక్టరమ్మ పలకమీద గీసి చూపించింది:
నువ్వుగింజంత పిండం,
దాని వీపున పల్చటి పొర ఒకటి.
చాప చుట్టుకుంటున్నట్టు అంచులు రెండూ పైకి లేచి
ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి.
కలిస్తే అది వెన్ను, పై కొసన మెదడు.
కలవకపోతే
ఆమె సుద్దముక్క కింద పెట్టేసింది.
ఆ కుట్టంతా నాలుగు వారాల్లో ముగుస్తుందట.
దానికి కావలసిన దారంలో కొంత
ఆకుకూరల్లోంచి రావాలట.

నాలుగు వారాలు!
నాట్లలో నడుం వంచిన మనిషి
నెల తప్పిందో, తనే లెక్క తప్పిందో
తేల్చుకునేలోపే
లోపల తలుపులు మూసుకుపోతాయి.
ఆ తర్వాత వెళతాం మేం మాత్రలు పట్టుకుని,
పెళ్ళయిపోయాక వచ్చిన మేళంలా.

తిదాని అడిగాను: పోయిన నెల ఏం తిన్నావు?
"ఉన్నది."
ఏం ఉంది?
పొయ్యి ఊదడం ఆపి నావైపు చూసింది.
"నిన్నటిది గుర్తుంటే తిండి,
నెల కిందటిది గుర్తుంటే విందు.
మా ఇంట్లో విందులేం జరగలేదు, రాసుకో."

కుండలో కుచ ఆకు ఉడుకుతోంది,
పుల్లటి ఆవిరికి నా నోరూరింది.
గింజ అడుగంటిన నెలల్లోనే
ఆకు ఎగబడి మొలుస్తుంది ఇక్కడ.
కొట్లు నిండిన రోజులకి పెరడు ఎండిపోతుంది.
ఒక చేత్తో ఇచ్చి ఒక చేత్తో లాక్కునే ఏడాది.
ఏ కాలంలో బిడ్డ మొదలైతే
ఆ కాలం లోపలెక్కడో వేలిముద్ర వేస్తుందంది డాక్టరమ్మ.
ఏ వేలు, ఎంత లోతు, పూర్తిగా తెలీదంది.
తెలీదన్న ఆ మాట నాకు నచ్చింది.

నా ఎడమపాదం పుట్టుకతోనే లోపలికి తిరిగింది.
ఏం తినకూడనిది తిన్నానో అని
మా అమ్మ బతికినన్నాళ్ళూ వెనక్కి లెక్కపెట్టుకుంది:
ఆ పచ్చి మామిడికాయా, ఆ ఎండుచేపా, ఆ బూడిద రుచా.
అది నీ నోటి తప్పు కాదమ్మా అని
చెప్పడానికి సరిపడా చదువు
నాకు ఆలస్యంగా వచ్చింది.

నీలపు అంచు ఎనామిల్ గిన్నె.
మూడువేల నూటనలభై గ్రాములు. రాశాను.
చుట్టూ అయిదు చేతులు,
ఎవరి ముందున్నది వాళ్ళదే, మధ్యలో
పొగబెట్టిన బొంగా చేప ఒకటే.
ముసలి సిర్రే కళ్ళకి పొర కమ్మింది,
వేళ్ళకి కమ్మలేదు.
చేపని తడిమి విరిచింది.
పిల్లలకి తలా తోకా,
పొట్ట ముక్కని బొటనవేలితో
కోడలి వైపు నెట్టింది.
తిదా వెనక్కి నెట్టింది.
సిర్రే మళ్ళీ నెట్టింది.
"ముల్లు లేదు దీంట్లో," అంది, గోడతో అన్నట్టు.

ఆమెకి ఎవరూ చెప్పలేదు.
కడుపు కనబడేదాకా ఈ ఊళ్ళో ఎవరూ నోరు విప్పరు.
తిదా తల వంచుకుని
ఆ ముక్క తిన్నది, నెమ్మదిగా,
దొంగతనం చేసినంత జాగ్రత్తగా.

నా పుస్తకంలో ఆ ఇంటి గడిలో
తిన్నవాళ్ళు: అయిదుగురు.
పెన్సిలు మొన ఆ అంకె మీద కాసేపు ఆగింది.
దిద్దలేదు.
ఆ కబురు చెప్పాల్సింది నేను కాదు.